రెండు చెవుల కప్పు, ఒక పాదం

అన్ని బొమ్మలూ ఫోన్లో పంపావు గానీ పెద్దమ్మమ్మ పాదం బొమ్మ మాత్రం పంపలేదేం అని మొన్న అడిగావు కదమ్మా. పక్కనుంచి తమ్ముడు, "అది బాగా వచ్చుండదులే అక్కా" అన్నాడు. బాగానే వచ్చింది నాన్నా. నేను గీసినవాటిలో సరిగ్గా వచ్చింది అదొక్కటేనేమో కూడా. ఎందుకు పంపలేదో ఫోన్లో చెబుదామంటే సగంలో మీ అమ్మ హోంవర్కని పిలుస్తుంది. అందుకే రాస్తున్నాను. తెలుగు చదవడానికి తమ్ముడు తంటాలు పడితే నువ్వు చదివి వినిపించు.

పెద్దమ్మమ్మ అంటే మీకు సెలవుల్లో పచ్చి మామిడి ముక్కలకి ఉప్పూకారం అద్దిపెట్టిన మనిషి. మీ పెదతాతయ్య భార్య, నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. అన్నదమ్ములిద్దరూ బజార్లో ఒకే బట్టల కొట్టు నడుపుతారు. ఇల్లు రెండు వాటాలు. మధ్యన గుమ్మానికి తలుపైతే ఉంది గానీ, అది వేయగా నేనెప్పుడూ చూడలేదు.

పోయిన ఎండాకాలం ఆవకాయకి కాయలు కడుగుతుంటే అక్క చేతిలో కాయ జారింది. దాన్ని అందుకోబోయి తనూ జారిపోయింది. పక్షవాతమన్నారు, విజయవాడ ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అంత మాటకారికి ఒక్క మాట మిగిలింది. "అదే."

"నీళ్ళు కావాలా అక్కా?"

"అదే."

"కాదా? ఫ్యాను వెయ్యనా?"

"అదే. అదే."

ఏది అడిగినా అదే. కావాలన్నా అదే, వద్దన్నా అదే. మనకి అర్థం కాకపోతే కళ్ళు పెద్దవి చేసి, ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేది. బుర్ర మాత్రం పూర్తిగా ఉంది. కొట్లో ఏ చీర ఏ బీరువాలో ఉందో ఆమె కళ్ళలో కనిపిస్తుంది, నోటి దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అట్టల మీద "నీళ్ళు", "అన్నం" అని పెద్ద పెద్ద అక్షరాలు రాసి చూపించాను. చీమల బారు చూసినట్టు చూసింది. చదవడం కూడా పోయిందని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఫోన్లో నువ్వే అన్నావు, "అక్షరాలు రాకపోతే బొమ్మలు గీసి చూపించమ్మమ్మా. నేను స్కూల్లో రోజూ ఒకటి గీస్తాను, నువ్వూ గియ్యి."

బొమ్మలంటే నాకేం భయం, ఊహ తెలిసినప్పటి నుంచీ ముగ్గులేస్తూనే ఉన్నాను అనుకున్నాను. కొట్లో చొక్కాల మడతల్లో పెట్టే అట్టలుంటాయి, ఒక పక్క తెల్లగా. అవి తెప్పించుకుని, పెన్సిలు చెక్కి, కాఫీ కప్పు గీశాను. నువ్వు చూసి పడీపడీ నవ్వావు.

"అమ్మమ్మా, ఈ కప్పుకి చెవులు రెండున్నాయేంటి?"

"మనుషులకి ఉండవా?"

"మన కప్పుకి ఒకటే కదా."

కప్పు తెచ్చి చూసుకున్నాను. ఒకటే. కానీ ఒక పక్క చెవి పెట్టాక రెండో పక్క ఖాళీగా వదలడానికి చెయ్యి ఒప్పుకోలేదమ్మా. ముగ్గులో అంతే కదా. ఈ పక్క మెలిక తిరిగిందంటే ఆ పక్కా తిరగాలి, గీత మొదలైన చోటికే వచ్చి మూసుకోవాలి. ఆ పాఠం చెప్పింది అక్కే. నేను కొత్తకోడలిగా వచ్చి మొదటిసారి వాకిట్లో ముగ్గేస్తే నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏంటి పిల్లా, నీ చుక్కలు తాగొచ్చి పడుకున్నాయా? బస్సు దిగినవాళ్ళంతా మన గుమ్మం మీంచే పోతారు. ఇంటికి ముగ్గేశావా, పరువు పరిచావా?"

తనే చీపురు తీసుకుని అంతా ఊడ్చేసి, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ వేయించింది. "గీత తెరిచి వదలకూడదు. ఒక పక్క ఎంతో రెండో పక్కా అంతే." ఇన్నేళ్ళూ అలాగే వేశాను. ఇప్పుడు పెన్సిలు పట్టుకున్నా ముందు చుక్కలే పెడుతున్నాను, చుక్కల చుట్టూ గీత తిప్పుతున్నాను. చెంబు గీసినా, దిండు గీసినా, ముంజకాయ గీసినా అన్నీ ముగ్గులే. అక్కకి చూపిస్తే కనుబొమ్మ పైకెత్తి చూసి ముఖం గోడవైపు తిప్పుకునేది. మాట లేకపోయినా తిట్టు వినబడేది.

"నువ్వు నీకు తెలిసింది గీస్తున్నావమ్మమ్మా. కనిపించేది గియ్యి" అన్నావు నువ్వు. "వస్తువు మీంచి కళ్ళు తియ్యకు. పేపరు అసలు చూడకు." అలా ఎలాగే అన్నాను. "రోజుకి ఒక్కటే. పాడైనా పర్లేదు" అన్నావు.

మధ్యాహ్నం అక్క కునుకు తీసే వేళ పెట్టుకున్నాను. రోజుకి ఒక వస్తువు. కాగితం చూడకుండా మొదట గీసిన చెంబు పొదగడానికి కూర్చున్న కోడిలా వచ్చింది. మీ తాతయ్య చూసి, "గుడ్లెన్ని?" అన్నారు. మర్నాడు మళ్ళీ అదే చెంబు గీశాను. ఎన్నో ఏళ్ళుగా తోముతున్న చెంబు, దాని మూతి దగ్గర సొట్ట ఉందని గీస్తుంటేగానీ నాకు తెలియలేదు. మజ్జిగ గ్లాసు, దువ్వెన, మందుల సీసా, రోజుకొకటి. కొన్ని వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. పెన్సిలు పొడి అంటుకున్న వేళ్ళతోనే పప్పు తాలింపు వేసేదాన్ని.

మొదట గెలిచింది కిటికీ. మొదటిసారి గీసినప్పుడు రెండు రెక్కలూ సమానంగా, అందంగా గీశాను. అక్క పట్టించుకోలేదు. ఈసారి ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు గీశాను. ఎడమ రెక్క తెరిచి ఉంది. కుడి రెక్కకి గడియ ఊడిపోతే తాడు కట్టాం, ఆ తాడు కిందికి వేలాడుతోంది. అక్క లేచాక చూపించాను. ఆమె అట్ట దగ్గరికి లాక్కుని, ఆ తాడు మీద వేలు పెట్టి, "అదే" అంది. వెళ్ళి తాడు విప్పి రెండో రెక్క కూడా తెరిచాను. రోడ్డు మీద ఆటోవాడు విస్సన్నపేట, విస్సన్నపేట అని అరుస్తున్నాడు. అక్క కళ్ళు మూసుకుని ఆ గోల హాయిగా వింది. బజారు సందడిలో బతికిన మనిషిని మూసిన గదిలో పడుకోబెట్టాం అన్నమాట. ఆ సాయంత్రం మీకు ఫోన్ చేసి ఎంత మురిసిపోయానో గుర్తుందా.

అన్ని బొమ్మలు గీసినా ఒకటి మాత్రం తెగలేదు. అక్క రోజుకి ఎన్నిసార్లో ఎడమ చెయ్యి చాచి తన కాళ్ళవైపు చూపించేది. "అదే, అదే." నొప్పి అనుకుని నూనె మర్దనా చేశాం. ఆసుపత్రిలో ఇచ్చిన బిగుతు మేజోళ్ళు తీసి చూశాం, మళ్ళీ వేశాం. వేళ్ళ దాకా చెయ్యి పోనిచ్చేది కాదు, బాగున్న కాలితో తన్నేది. దానికి తోడు మీ పెదతాతయ్యని దగ్గరికి రానివ్వడం మానేసింది. ఆయన గదిలోకి వస్తే చాలు, ఎడమ చేత్తో దుప్పటి లాగి కాళ్ళ మీద కప్పుకునేది. ఆయన ముద్ద కలిపి పెడితే పెదాలు బిగించేసేది. నేను పెడితే నాలుగు చెంచాల జావ మింగేది, అదీ నా ముఖం చూసి.

ఆయన కొట్టు నుంచి మధ్యాహ్నం తిండికి రావడం కూడా తగ్గించేశారు. ఒకరోజు వసారాలో చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే కూర్చున్నారు.

"లోపలికి రండి బావగారూ. పెసరకట్టు చేశాను, మీ చేత్తో పెడుదురుగానీ."

"వద్దమ్మాయ్. నేను కనబడితే ఆ తినేది కూడా మానేస్తుంది."

"ఆవిడకి కోపం కాదండీ అది."

"కోపమైతే బాగుండును. ఇన్నేళ్ళలో కోపమొస్తే తిట్టేది. తిడితే ఎందుకో తెలిసేది, సర్దుకునేవాణ్ణి. ఇప్పుడు ముఖం తిప్పేస్తోంది. ఏం చేశానో చెప్పేవాళ్ళే లేరు."

అక్క బుగ్గలు పీక్కుపోయాయి. జాకెట్లు వదులైపోయి భుజం మీంచి జారేవి. ఇలాగే తిండి తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరుగారు అన్నారు. ఆ మాట అక్క ముందే అన్నారు. ఆమెకి అర్థమైంది. అయినా మర్నాడు కూడా ఆయన్ని చూసి దుప్పటి లాక్కుంది.

కాళ్ళే కదా చూపిస్తోంది, కాళ్ళ బొమ్మ గీసిస్తే ఎక్కడ నొప్పో వేలు పెట్టి చెబుతుందనుకున్నాను. ఆ రోజు తొందరలో వంటింట్లో నిలబడే గీసేశాను. పాదాలు గీయడం నాకేం కొత్త? శ్రావణ శుక్రవారం గుమ్మం దగ్గర్నుంచి దేవుడి గది దాకా లక్ష్మీపాదాలు వేసిన చెయ్యే కదా. ఆ చెయ్యే తిరిగింది. రెండు పాదాలూ జంటగా, నున్నగా, వేళ్ళన్నీ వరసగా. ఇది మనిషి పాదం కదా అని రెండో వేళ్ళకి మెట్టెలు కూడా పెట్టాను.

అక్క ఆ బొమ్మ చూసిందో లేదో, వేళ్ళ దగ్గర గోరుతో గీకింది. అట్ట మీద పెన్సిలు చెరిగేంత గట్టిగా.

"వేళ్ళు నొప్పా అక్కా?"

"అదే. అదే. అదే."

"మందు రాయనా?"

అట్ట విసిరేసింది. అది వెళ్ళి నీళ్ళ గ్లాసుకి తగిలి, నీళ్ళన్నీ పక్క మీద పడ్డాయి. నేను పక్కబట్టలు మారుస్తుంటే అక్క కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. అక్క ఏడవడం అంతకు ముందు నేను చూడలేదు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు కూడా వచ్చిన చుట్టాలకి కాఫీలు అందాయా అని తిరిగిన మనిషి.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కకి మేజోళ్ళు తీసేశాను. అక్క నిద్రలో దుప్పటి తన్నేసింది, ఎడమ పాదం బయటికొచ్చింది. ఆ రోజు ఇంకా బొమ్మ గీయలేదు. గదిలో గీయని వస్తువంటూ ఏదీ మిగల్లేదు. సరే అని మంచం కాళ్ళవైపు పీట వేసుకుని కూర్చుని, నువ్వు చెప్పినట్టు పాదం మీంచి కళ్ళు తియ్యకుండా మొదలుపెట్టాను.

మడమ దగ్గర పగుళ్ళు, ఎండిన చెరువులో మన్నులాగా. బొటనవేలు రెండో వేలి మీదకి ఒరిగిపోయింది. చిటికెనవేలు ఎక్కడో కింద దాక్కుంది. లక్ష్మీపాదంలా ఎక్కడా లేదు. జీవితమంతా నిలబడి, చీరలు మడతపెట్టి, వంటచేసి, వడ్డించిన పాదం. బొటనవేలు అయ్యాక రెండో వేలి దగ్గరికొచ్చాను. మొదలు దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంది, లంగా బొందు బిగిస్తే నడుం మీద అచ్చు పడుతుంది చూడు, అలాగ. అక్కడొక్క చోట చర్మం తెల్లగా ఉంది. ఉన్నది ఉన్నట్టు గీయాలి కదా, ఆ నొక్కు కూడా గీశాను. గీశాక అట్ట చూసుకుంటే వేలికి నడుం ఉన్నట్టు వింతగా కనిపించింది. వేలికి ఇక్కడ నడుమేంటి అనుకున్నాను.

అప్పుడు నా కాలివైపు చూసుకున్నాను. సరిగ్గా ఆ చోట నా మెట్టె ఉంది.

ఆసుపత్రిలో స్కానుకి తీసుకెళ్ళే ముందు ఒంటి మీదవన్నీ తీసేశారు. పుస్తెలతాడు నా చేతికిచ్చారు. ఆ గదిలోంచి బయటికి రాగానే నేనే మెళ్ళో వేశాను. పుస్తెలు వేశాం, ఇంక అన్నీ అయ్యాయన్న ధీమా. పడిపోయిన కాలివేళ్ళు వాచి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, పైన మేజోళ్ళు, మెట్టెలు లేవన్నది నా కంట పడనేలేదు. బొమ్మలో మాత్రం, లేని మెట్టెలు నేనే పెట్టాను. ఆవిడ గోరుతో గీకింది వాటినే.

అక్క లేచేదాకా అక్కడే కూర్చున్నాను. కళ్ళు తెరిచాక ఏమీ అడగలేదు. అట్ట ఆవిడ ముఖం ముందు పట్టుకుని, ఆ నొక్కు మీద పెన్సిలుతో మెల్లగా ఒక చుట్టు చుట్టాను, మెట్టెలాగా. అక్క ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అదే" అంది.

అన్నాళ్ళూ విన్న అదే కాదమ్మా అది. గొంతు కిందనుంచి వచ్చింది. తర్వాత ఊపిరి వదిలి, తల దిండు మీద వాల్చేసింది, మోసుకొచ్చిన బరువు గుమ్మం దగ్గర దించేసినట్టు.

కొట్టుకి ఫోన్ చేస్తే మీ పెదతాతయ్య కంగారుగా వచ్చారు. "ఏమైంది, ఏమైందమ్మాయ్?" అని వసారాలోంచే అడిగారు.

"అక్క మెట్టెలు ఏమయ్యాయి బావగారూ?"

ఆయన లోపలికి వచ్చారు. బీరువా మీంచి స్కాను ఫిల్ముల పెద్ద కవరు దింపి మంచం మీద దులిపారు. ఒక కాగితం పొట్లం పడింది. అందులో వెండి ముక్కలు. "వేళ్ళకి బిగుసుకుపోయి ఊడి రాకపోతే కత్తిరించి ఇచ్చారు. ఇందులో పడేశాను. మనిషి బతికి బయటపడితే చాలని దణ్ణాలు పెట్టుకుంటున్నా, మెట్టెల ఊసు ఎవరికి గుర్తు?" అన్నారు.

ఆయన మాట్లాడుతుండగానే అక్క చెయ్యి దుప్పటి కోసం తడుముకుంటోంది. అప్పుడు ఆయనకీ తెలిసింది, నాకూ తెలిసింది. మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా ముత్తయిదువ కాళ్ళు బోసిగా ఉండకూడదు, ఆయనకి మంచిది కాదు. అందుకని కప్పుకుంటోంది. ఆయన చేతి ముద్ద తినకపోవడం కూడా అందుకే. ఆయన మీద కోపంతో కాదు, ఆయనకేమైనా అవుతుందన్న భయంతో.

మీ కాలం పిల్లలకి ఇది పిచ్చిగా అనిపించొచ్చు. నేను కాదనను. కానీ ఆవిడ చెప్పలేకుండా అంత భయం ఒంటరిగా మోసింది.

"నాకేమైందే? ఇదిగో, గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు ఆయన. గొంతు మాత్రం గుండ్రాయిలా లేదు. "ఇప్పుడే వెళ్ళి కొత్తవి తెస్తాను" అని వెనక్కి తిరిగారు.

"వాపు మీద వెండి బిగిస్తే మళ్ళీ కత్తిరించాల్సి వస్తుందండీ" అన్నాను. "పుస్తెలు తీయాల్సి వస్తే తాడుకి పసుపుకొమ్ము కట్టుకుంటాం కదా. అలాగే వాపు తగ్గేదాకా పసుపు దారం కట్టండి."

దేవుడి గదిలోంచి దారం తెచ్చి, పసుపు తడిపి రాసి ఇచ్చాను. మోకాళ్ళ నొప్పులతో ఆయన కిందికి వంగడానికి చాలాసేపు పట్టింది. మంచం పట్టె పట్టుకుని కూర్చుని, ముందు ఎడమ కాలికి, తర్వాత వాచిన కాలికి వదులుగా కట్టారు. మొదటిసారి ముడి పడలేదు, రెండోసారి వేశారు.

"పెళ్ళిలో కూడా ఇంతేనమ్మాయ్" అన్నారు నావైపు చూడకుండా. "మెట్టె తొడగబోతే చక్కిలిగింతలని కాలు లాక్కుంది. పురోహితుడు నన్ను కేకలేశాడు."

అక్క దుప్పటి లాక్కోలేదు. ఆయన లేవడానికి చెయ్యి ఆసరా ఇవ్వబోయింది, పడుకుని ఉన్న మనిషి. ఆ పూట ఆయన చేతి పెసరకట్టు గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. మధ్యలో నేను చెంచా అందుకోబోతే కనుబొమ్మ ఎత్తింది. సరే, నా పనేముందిక్కడ అని వంటింట్లోకి వచ్చేశాను.

గొట్టం అవసరం రాలేదు. వాపు తగ్గాక వెండి మెట్టెలు వచ్చాయి, సందున్నవి, వదులు చేసుకోవడానికి వీలైనవి. అవీ ఆయనే తొడిగారు. మాట ఇంకా అదే. చెయ్యి కొంచెం లేస్తోంది.

ఇదమ్మా సంగతి. ఆ పాదం బొమ్మ ఆ రోజే అక్క నా చేతిలోంచి లాక్కుని దిండు కింద పెట్టుకుంది. నువ్వు అడిగావని చెప్పి, ఫోటో తీసి పంపనా అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపింది. నేను పెన్సిలుతో మెట్టె చుట్టినా ఆవిడకి తెలుసు కదా, గీసిన పూట ఆ పాదం బోసిది. అది ఊళ్ళు తిరగడం ఆవిడకి ఇష్టం లేదు. ఆవిడ పాదం, ఆవిడ ఇష్టం. ఏమీ అనుకోకండి.

రోజుకొకటి గీయడం మాత్రం మానలేదు. ఇప్పుడు చెవి ఒక్కటే ఉన్న కప్పు కూడా బాగా గీస్తాను. కానీ సాయంత్రం కాఫీ కావాలంటే అక్క అట్టల దొంతరలో వెతికి వెతికి ఆ రెండు చెవుల దాన్నే తీసి ఆయనకి చూపిస్తుంది. మీ పెదతాతయ్య కప్పుని రెండు చేతులతో, రెండు పక్కలా పట్టుకుని తెస్తారు, లేని రెండో చెవిని కూడా పట్టుకున్నట్టు. అక్క నవ్వుతుంది. ఆ నవ్వు మూతికి ఒక పక్కే వస్తుంది. నిన్న అది గీశాను. ముగ్గయితే రెండో పక్క కూడా కలిపి మూసేసేదాన్ని. కలపలేదు, ఉన్నంతే గీసి వదిలేశాను. చూపిస్తే అట్ట కాసేపు ఎడమ చేత్తో పట్టుకుని, నీతో మాట్లాడే ఫోన్ పెట్టే చోటువైపు వేలు చూపించి, "అదే" అంది.